వెనక సీట్లో రేఖ బ్యాగు

మదనపల్లెలో ఓ ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే పని రేఖది. ఇల్లేమో పుంగనూరులో. రెండేళ్లు బస్సులో నిలబడి పోయింది. ఆరు నెలలుగా నారాయణస్వామి కారులో కూర్చుని పోతోంది. ఆయన టమోటా మండీలో గుమాస్తా. ముందు సీటు కాలేజీ ఆఫీసులో పనిచేసే నాగేంద్రది, ఎక్కగానే నిద్రపోతాడు. నడిమి సీటు హాస్టల్లో మధ్యాహ్నం వంటచేసే పాపక్కది. దిగేదాకా నోరు మూయదు. చివరి సీటు రేఖది.

కారులో సుఖం సుఖమే. చీర నలగదు, వేళకు చేరుతుంది, పాపక్క డబ్బాలోంచి వేడి వడ ఒకటి చేతికొస్తుంది. కష్టమూ ఉంది. బస్సులో ఎవరూ అడగనివన్నీ పాపక్క అడుగుతుంది. "మీ అత్త మళ్లా అలిగిందంట గదా, యాల?" అంటుంది. చెప్పకపోతే మర్నాడూ అదే ప్రశ్న.

ఇంకో చిక్కు నారాయణస్వామి రాహుకాలం. సోమవారం ఏడున్నర దాటితే ఇంటి ముందు నుంచి కారు కదిలించడు. అందుకని అంతకుముందే అందరూ సంచులు తెచ్చి కారులో పెట్టేయాలి. నాలుగు బారలు ముందుకు పోనిచ్చి టీ అంగడి దగ్గర ఆపుతాడు. ప్రయాణం మొదలైనట్టే. ఆ తర్వాత ఎంతసేపు టీ తాగినా దోషం లేదు.

ఆ సోమవారం రేఖ బ్యాగు చివరి సీట్లో పెట్టి, మీద శాలువా కప్పి, ఇంటికి పరుగెత్తింది. రెండు రోజుల తర్వాత వీధి కుళాయికి నీళ్లొచ్చాయి మరి. నాలుగు బిందెలు పట్టి వచ్చేసరికి టీ అంగడి ముందు కారు లేదు.

ఫోను బ్యాగులో. ల్యాబు తాళంచెవీ బ్యాగులోనే. పరగడుపున రక్తం ఇచ్చేవాళ్లు ఎనిమిదిన్నరకే మెట్లమీద కూర్చుంటారు. ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. ఇంకోసారి తొమ్మిదికి తాను వచ్చేలోగా తలుపు తెరవకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని డాక్టరు చెప్పేశాడు.

మదనపల్లె బస్సొచ్చి ఆగింది. రేఖ ఒక కాలు మెట్టుమీద పెట్టి, మళ్లీ తీసేసింది. పాపక్క తనను ఏమీ అడగకుండా మదనపల్లె దాకా పోగలదా? అది ఆమె వల్ల కాదు. కనుక వెనక్కి వస్తారు.

ఆ నమ్మకం తప్పలేదు. రేఖే ముసుగు కప్పుకుని కూర్చుందనుకుని, సగం దారిదాకా పాపక్క శాలువాతో మాట్లాడుతూనే పోయిందట. జవాబు రాక, కోపమొచ్చి వెనక్కి తిరిగి చూసి, కేక పెట్టిందట.

కారొచ్చి ఆగింది. నారాయణస్వామి చెమట తుడుచుకుంటూ, "ఎక్కమ్మా, బిరిక్కిన ఎక్కు," అన్నాడు.

"రాహుకాలంలో వెనక్కి తిప్పినావే అన్నా!" అంది రేఖ.

"నేనేడ తిప్పినాను? ఈ పాపక్క అరుపులకు అదే తిరిగింది."

"నాకు నోరు లేకపోయింటే ఈ పిల్ల ఈడనే నిలబడుండేది," అంది పాపక్క. "పలకకుండా ఉంటే అలిగినావనుకుంటి. మీ అత్త మాదిరి."

తొమ్మిదికి పది నిమిషాలుండగా ఆసుపత్రి చేరారు. మెట్లమీద పదిమంది. తంబళ్లపల్లె నుంచి తొలి బస్సుకొచ్చిన బైరప్ప గోడకు జారగిలబడి ఉన్నాడు. "ఏమ్మా, ఇంగ కొంచేపయింటే కాఫీ తాగేసి ఊరికి పోతాంటి," అన్నాడు.

రేఖ తాళం తీసేలోగా పాపక్కా కారు దిగింది. "వరసగా రాండప్పా! నీకు షుగరా? ఎంతుండాది? రాత్రి ఏం తింటివి?" అంటూ చీటీలన్నీ పోగుచేసి అందించింది. బైరప్ప చేతికి సూది దిగి, గొట్టంలోకి రక్తం వస్తుండగా డాక్టరు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈమె ఎవరు?"

"మా కారులో ఆమె, సార్," అంది రేఖ, చెయ్యి కదపకుండా.

పాపక్క ఆయన వైపు తిరిగింది. "మీరు టిఫను తినొచ్చినారా సార్, మీదీ పరగడుపేనా?"