ఫ్లాస్కు మొత్తం

మా ఆయన కుదురుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. భోంచేస్తున్నా మోకాలు ఆడుతూనే ఉంటుంది. బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు దానికి తాళం వేస్తుంది. లిఫ్టుల మెకానిక్కు. పన్నెండో అంతస్తు దగ్గర తాడు పట్టుకుని వేలాడమంటే హాయిగా వేలాడతాడు, బ్యాంకులో వరసలో నిలబడమంటే మాత్రం ప్రాణం పోతుంది. బాక్సింగ్ హాల్లో కుర్రాళ్ళు ఆయన్ని స్ప్రింగు అంటారు. మొహం మీదే అంటారు. ఈయనగారికి అదో బిరుదు.

ఊళ్ళో జరిగే పోటీల్లో ఏటా దిగుతాడు, ఏటా మొదటి బౌట్‌లోనే ఓడి వస్తాడు. మూతి వాచి, కన్ను కమిలి, "ఒక్క అడుగులో తప్పిందే!" అంటూ గుమ్మంలోకి వస్తాడు. నాకు ఒళ్ళు మండిపోతుంది. ఐసుముక్కలు గుడ్డలో చుట్టి కంటికి అద్దుతూనే నాలుగు తిడతాను. ఈ ఏడు మాత్రం తిట్టకూడదనుకున్నాను. నలభై నిండినవాళ్ళని ఆ పోటీల్లోకి రానివ్వరు. వచ్చే నెలకి ఈయనకి నలభై నిండుతాయి. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క బౌట్‌లో, రిఫరీ తన చెయ్యి పట్టుకుని పైకెత్తాలని ఆ మనిషి కోరిక. అది తీరితే ఇప్పుడే తీరాలి.

ఇక కాఫీ సంగతి. పోటీకి గంట ముందు ఒక గ్లాసు చిక్కటి కాఫీ తాగితే ఒళ్ళు చురుగ్గా ఉంటుందని, అలుపు ఆలస్యంగా వస్తుందని కోచ్ చెప్పాడు. ఎక్కువైతే చేతులు వణుకుతాయి, ఒక్క గ్లాసే అని కూడా చెప్పాడు. ఈయన దానికి సొంత పాండిత్యం జోడించాడు. ముందు వారమంతా కాఫీ మానేస్తే, ఆ రోజు తాగింది ఇంకా గట్టిగా పట్టుకుంటుందట! ఆ వారం మా ఇల్లు నరకం. ఆయనకి తలనొప్పి, ఆయనతో నాకు తలనొప్పి. గరిటె చప్పుడైనా కసురుకుంటాడు. "పోనీ ఒక్క గుక్క తాగండి మహానుభావా" అని బతిమాలినా వినడు.

పోటీ రోజున బరువు తూచారు. ఆ తర్వాత కూడా, ఒళ్ళు బరువెక్కుతుందని అరటిపండు తప్ప ఏమీ ముట్టలేదు. తన వంతుకి గంట ముందు, నేను ఫ్లాస్కులో పోసి తెచ్చిన కాఫీ గ్లాసుడు తాగాడు. ఇంతలో రింగు మూల స్తంభానికి తాడు పట్టి ఉంచే కొక్కెం ఊడిపోయింది. తాడు జారి వేలాడింది. అంతే, మా ఆయన చివాలున లేచాడు.

"రెంచీ ఇలా తెండి, చిటికెలో బిగిస్తా!"

కోచ్ బనీను పట్టుకుని వెనక్కి లాగాడు. "ఇవాళ నువ్వు మెకానిక్‌వి కాదు. నోరు మూసుకుని కూర్చో."

అదే కొంప ముంచింది. చేతికి పని ఉంటే ఆ మనిషి బాగుపడేవాడు.

రింగు బాగయ్యేసరికి ఇంకో అరగంట పడుతుందని మైకులో అన్నారు. "తాగింది దిగిపోతుందేమోనే" అంటూ నా ఒళ్ళోంచి ఫ్లాస్కు లాక్కుని పోసుకున్నాడు. మళ్ళీ అరగంట అన్నారు. మళ్ళీ పోసుకున్నాడు. నేను మొత్తుకుంటూనే ఉన్నాను. ఫ్లాస్కు బోర్లించి చివరి చుక్క దాకా దులుపుకున్నాడు.

చివరికి పిలిచారు. రింగు ఎక్కేముందు డాక్టరమ్మ ఒక్కొక్కరి గుండె చూస్తోంది. మా ఆయన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి మొహం చిట్లించింది. తీసి మళ్ళీ పెట్టింది.

"ఇంత దడేమిటి? ఏం తాగారు?"

"కాఫీ అండీ. ఒక గ్లాసు."

మొహమంతా చెమట. గ్లౌజులు రెండూ గజగజ వణుకుతున్నాయి. డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "నిజమేనా అమ్మా?"

ఆయన నా కళ్ళలోకి చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి నన్ను అలా బతిమాలింది లేదు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఫ్లాస్కు మొత్తం తాగారండీ" అన్నాను.

ఆవిడ రింగు ఎక్కడానికి వీల్లేదని తల అడ్డంగా ఊపింది. అవతలివాడి చెయ్యి పైకెత్తారు. మా ఆయన ఒక్క దెబ్బ కొట్టకుండా, ఒక్క దెబ్బ తినకుండా ఓడిపోయాడు.

ఇంటికి వెళ్ళే బస్సులో రెండు చేతులతో మోకాళ్ళు అదిమిపెట్టి కూర్చున్నాడు.

"ఒక గ్లాసేనని చెబితే నీ సొమ్మేం పోయేది?"

"మీకేమైనా అయితే?"

"కాలేదుగా."

"అయ్యాక చెప్పమంటారా?" అని అరిచాను. బస్సులో అందరూ తిరిగి చూశారు. చూస్తే చూడనీ. "ఎవరు పైకెత్తినా ఎత్తకపోయినా ఈ చెయ్యి నాక్కావాలి" అని గ్లౌజుల కింద చుట్టుకున్న పట్టీలు కూడా విప్పని ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఆయన తల వంచి మా చేతుల వంక చూశాడు. ఆయన చేతికంటే నా చెయ్యే ఎక్కువ వణుకుతోంది.

"నువ్వెన్ని గ్లాసులు తాగావే?" అన్నాడు.

"మీరు చుక్క మిగిలిస్తే కదా" అన్నాను.