రెండు గంటల పది నిమిషాలు

"అసలెప్పుడైనా విమానం ఎక్కిన మొహమేనా నీది?" అని ఒకావిడ కౌంటరు ముందు నిలబడి మొహం మీదే అడిగింది. లేదని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఆవిడ వెళ్లాల్సిన నగరం ఆకాశమార్గాన ఎన్ని కిలోమీటర్లో, ఎదురుగాలి ఉంటే ఎన్ని నిమిషాలు ఎక్కువ పడుతుందో కూడా చెప్పాడు. ఆవిడ పర్సు తీసి డబ్బు కట్టింది.

విమాన టికెట్లమ్మే ఆ దుకాణంలో అతను పంతొమ్మిదేళ్లుగా గుమాస్తా. వీధిలో అందరికీ 'టైంటేబుల్'. ఏ రెండు నగరాల పేర్లు చెప్పినా దూరం, ప్రయాణకాలం నాలుక చివర ఉండేవి. అసలు విద్య మాత్రం వేరే: ఛార్జీ ఎప్పుడు దిగుతుందో పసిగట్టడం. పెద్ద ఏజెంట్లు గుత్తగా పట్టిపెట్టుకున్న సీట్లు అమ్ముడుపోకపోతే బుధవారం మధ్యాహ్నం వదిలేస్తారు. అప్పటిదాకా ఆగమని ఎందరికో డబ్బు మిగిల్చాడు.

ఒక సోమవారం ఉదయం మేనల్లుడు ఫోన్ చేశాడు.

"మామయ్యా, అమ్మకి అస్సలు బాగాలేదు. రెండు మూడు రోజులంటున్నారు డాక్టర్లు. నిన్నే అడుగుతోంది."

తల్లి పోయాక ఇతన్ని పెంచింది ఆ అక్కే. ఆమె ఉండే నగరం ఆకాశమార్గాన పద్నాలుగు వందల పన్నెండు కిలోమీటర్లు. రెండు గంటల పది నిమిషాలు. తెర మీద ఛార్జీ తొమ్మిది వేల ఆరు వందలు. అతని జీతం పన్నెండు వేలు.

"ఇవాళే వెళ్లవయ్యా. డబ్బు నేనిస్తా, జీతంలో పట్టుకుంటాలే" అన్నాడు యజమాని.

"ఎల్లుండికి సగానికి దిగుతుంది సార్. ఊరికే ఎందుకు తగలెయ్యడం?"

ఇంట్లో భార్య తల కొట్టుకుంది. "ఆవిడ మీ అక్కండీ, కస్టమర్ కాదు! పోనీ రైలైనా ఎక్కండి."

"రైల్లో రోజున్నర కూర్చోవాలి. విమానమైతే రెండు గంటల పది నిమిషాలేనే. పక్కింటికి వెళ్లినట్టు."

"పక్కింటికైతే ఈపాటికి వెళ్లొచ్చేవారు."

మంగళవారమంతా తెర చూస్తూ, వేరేవాళ్లకు టికెట్లు కొడుతూ గడిపాడు. బుధవారం మధ్యాహ్నం రెండూ నలభైకి, అతను చెప్పినట్టే, ఛార్జీ పడిపోయింది: నాలుగు వేల మూడు వందలు. యజమాని దగ్గర ఆ డబ్బు తీసుకుని సాయంత్రం ఆరు గంటల విమానం ఎక్కాడు. జీవితంలో మొదటిసారి, అందులోనూ కిటికీ పక్క సీటు. బయటికి చూడలేదు, చేతి గడియారమే చూశాడు. బయల్దేరిన రెండు గంటల ఎనిమిది నిమిషాలకు చక్రాలు నేలను తాకాయి. ఫోన్ తెరిస్తే మేనల్లుడివి పదకొండు మిస్డ్ కాల్స్. తిరిగి ఫోన్ చేశాడు.

"ఎంతసేపైందిరా?"

"ఏడు కావొస్తుండగా, మామయ్యా. నువ్వొస్తున్నావని సోమవారం నుంచీ చెప్తూనే ఉన్నాం. 'రెండు గంటలేగా, ఇంకా రాడేం?' అని అడుగుతూనే పోయింది."

కడసారి చూపు రాసిపెట్టి లేదని బంధువులు ఓదార్చారు. అబద్ధం. ఎవరూ ఏమీ రాసిపెట్టలేదు. సోమవారం రైలెక్కినా మంగళవారం రాత్రికల్లా అక్క మంచం పక్కన కూర్చునేవాడు. ఈ లెక్క అతనికి ఇంకొకరు చేసిపెట్టక్కర్లేదు.

తిరుగు ప్రయాణం రైల్లోనే చేశాడు. ఇప్పుడు ఎవరినీ బుధవారం దాకా ఆగమనడు. ఎంతసేపు పడుతుందని అడిగితే టికెట్ మీద చూసుకోమంటాడు. జీతంలోంచి నెలకు ఐదు వందలు పట్టుకుంటున్నారు. ఐదు నెలలైంది, ఇంకా పద్దెనిమిది వందలు బాకీ.