చీమలు వెనక్కి తిరిగిన ఇల్లు

చీమల మావయ్య ఎవరింటికి వెళ్ళినా, మనుషుల్ని పలకరించే ముందు చీమల్ని వెతికేవాడు. జేబులోంచి చిన్న పొట్లం తీసి, గది మూల చిటికెడు పంచదార పోసి, పక్కనే బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి చూసేవాడు. చీమ వస్తే లేచి బట్టలు దులుపుకుని, "అందరూ బాగున్నారా?" అని తీరిగ్గా అడిగేవాడు. రాకపోతే ఏమీ అడిగేవాడు కాదు. ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు.

ఒకసారి పరామర్శకి వెళ్ళాడు. ఆ ఇంటి పెద్దాయన పోయి రెండు రోజులైంది. జనమంతా తలలు వంచుకుని కూర్చుంటే, ఈయన నేరుగా మూలకి పోయి పడుకున్నాడు. లోపల్నించి వచ్చిన కోడలు చూసి, "అయ్యో, ఈయన కూడానా!" అని కెవ్వుమంది. నలుగురు లేపబోయారు. ఈయన కళ్ళార్పకుండా, "ఉండండి, కదలకండి. వస్తోంది... వస్తోంది" అన్నాడు. ఏం వస్తోందో తెలియక అందరూ ఒక్కసారిగా తలుపువైపు తిరిగారు. 

పళ్ళ డాక్టరు దగ్గర బల్లకింద దూరితే, నర్సు వంగి అడిగింది.

"నొప్పి ఎక్కడండీ?"

"చీమలు లేవమ్మా."

"పళ్ళలోనా?"

ఇవన్నీ చెప్పుకుని అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయన మేనకోడలే. కుట్టుపని చేసుకునే మనిషి. ఆమెకి పది నెలల కూతురు. పాకుతూ, కంటికి కనబడిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. కుట్టుమిషనుకి ముందుగది, ఉండటానికి వెనకగది ఉన్న ఇల్లు కావాలని ఏడాదిగా తిరిగింది. తిరగ్గా తిరగ్గా ఒకటి దొరికింది. కింద వాటా ఖాళీ, పైన ఒంటరిగా ఇంటావిడ.

"బూజు దులిపి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు తల్లీ" అంది ఇంటావిడ గర్వంగా. "మా ఇంట్లోకి సాలెపురుగే రాదు."

మేనకోడలు పొంగిపోయింది. మర్నాడు చీపురు పట్టుకుని శుభ్రం చెయ్యడానికి వెళ్ళింది. తీరా చూస్తే చెయ్యడానికేమీ లేదు. మూడేళ్ళుగా మూతపడి ఉన్న వాటా. ధూళి ఉంది, అంతే. ఒక్క సాలెగూడు లేదు. గోడమీద బల్లి లేదు. అలమర వెనక బొద్దింక రెక్క కూడా లేదు. కిటికీ గట్టుమీద ఒక సీతాకోకచిలుక చచ్చిపడి ఉంది. రెక్కల రంగు కూడా చెదరలేదు. దాన్ని లాక్కుపోవడానికి ఎవరూ రాలేదు. గదిలో పాత ట్రంకుపెట్టె తెరిచినప్పటి వాసన, కాస్త తియ్యగా. ఎవరో ఇప్పటిదాకా ఇక్కడే ఉండి, ఆమె అడుగు చప్పుడు విని పక్కగదిలోకి తప్పుకున్నట్టనిపించింది.

ఆరోజు పాప చేతిలోంచి బిస్కెట్టు ముక్కలు నేలంతా రాలాయి. వాటిని ఊడవడం మర్చిపోయి వెళ్ళిపోయింది. రెండు రోజుల తర్వాత వచ్చి చూస్తే, ఎక్కడ రాలినవి అక్కడే ఉన్నాయి. ఒక్క చీమా ముట్టలేదు. పాపని ఎత్తుకుని వీధిలోకి వచ్చి, తన జన్మలో చేస్తాననుకోని పని చేసింది. చీమల మావయ్యకి ఫోను చేసింది.

"మావయ్యా, పొట్లం తీసుకుని ఒకసారి రాగలవా?"

ఆయన ఎగిరి గంతేస్తాడనుకుంది. ఆయన మాత్రం మెల్లగా అడిగాడు.

"ఏ వీధి?"

చెప్పింది.

"పైకి మెట్లు బయటనించేనా? ఎడంవైపు? పదకొండు మెట్లా?"

ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు లెక్కపెట్టింది. పదకొండు.

"పాపని లోపలికి తీసుకెళ్ళకు" అని పెట్టేశాడు.

వచ్చాక మావయ్య గేటు దగ్గరే గొంతుక్కూర్చున్నాడు. ప్రహరీ వెంట ఎర్రచీమల బారు ఒకటి బియ్యపు గింజలు మోసుకుంటూ ఇంటివైపు వస్తోంది. గోడ ఇంకా జానెడు దూరం ఉందనగా ముందుచీమ ఆగింది. మీసాలు ఆడించింది. పక్కకి తిరిగింది. వెనకవన్నీ అలాగే తిరిగాయి. ఇంటిచుట్టూ కనబడని గాజుగోడ ఏదో ఉన్నట్టు, ఆ జానెడు దూరం తగ్గకుండా చుట్టు తిరిగి వెళ్ళిపోయాయి.

"ఏమిటి మావయ్యా ఇది?"

ఆయన లేచాడు. లోపలికెళ్ళి పంచదార పోసి పడుకున్నాడు. పాపని మెట్లమీద కూర్చున్న ఇంటావిడ చేతికిచ్చి, మేనకోడలు గుమ్మంలో నిలబడింది. గంటసేపు చూసినా ఏదీ రాలేదు. అప్పుడాయన గోడవారన పరిచిన పాత ప్లాస్టిక్ పట్టా లాగాడు. కింద గచ్చులో రూపాయి బిళ్ళంత గుండ్రటి మచ్చలు, జానెడుకొకటి చొప్పున, గోడ పొడుగునా బారుగా ఉన్నాయి. సిమెంటు రంగు వేరు. ప్రతి మచ్చలోనూ చిన్న నొక్కు.

మావయ్య ఒక నొక్కులో బొటనవేలు పెట్టాడు. సరిగ్గా ఇమిడింది.

"ఇది నాదే అమ్మడూ."

మేనకోడలు గుమ్మం దాటి వచ్చి వంగి చూసింది.

"చెదల మందు పోసేవాణ్ణి. మీ అమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. గచ్చుకి బెజ్జాలు పెట్టి, డ్రమ్ములోంచి మందు పోసి, సిమెంటుతో మూసి, ఇలా వేలితో నొక్కడం. ఇరవయ్యేళ్ళు చెద పట్టదని గ్యారంటీ ఇచ్చాం. ఇప్పటికి నలభై రెండేళ్ళయింది. అన్నమాట నిలబెట్టుకున్నవాళ్ళని ఎంతమందిని చూశావు నువ్వు? ఇది నిలబెట్టుకుంది."

"మరి మంచిదేగా?"

"మంచిదనే అమ్మాం. ఎన్నేళ్ళయినా చావదని గొప్పగా చెప్పి అమ్మాం. చివరికి అందుకే నిషేధించారు. చెదల్ని చంపాక అది ఎక్కడికీ పోదు. మట్టిలోనే కూర్చుంటుంది. పగుళ్ళలోంచి గాలిలోకొస్తుంది. పురుగుని తిన్న పిట్టలోకి, పిట్టని తిన్న పిల్లిలోకి పోతుంది. మన ఒంటి కొవ్వులో చేరి, తల్లిపాలలో తేలుతుంది. నాతో పనిచేసినవాడు ఉత్త చేతుల్తో కలిపేవాడు. ముప్పై ఏళ్ళకే చెయ్యి వణికి గ్లాసు పట్టుకోలేకపోయాడు."

"ఎన్ని ఇళ్ళలో పోశావు?"

"మూడొందలో, నాలుగొందలో. కంపెనీ మూసేసినప్పుడు కాగితాలు తగలబెట్టారు. వీధులు మారాయి, ఇళ్ళకి రంగులు మారాయి. ఇలాంటివి ఒకటీ అరా తప్ప నాకు గుర్తులేవు. చీమలకి గుర్తున్నాయి."

పరామర్శ ఇల్లు, పళ్ళ డాక్టరు గది, ఇన్నాళ్ళూ తాను పడీపడీ నవ్విన ఇళ్ళన్నీ మేనకోడలి కళ్ళముందు వరసగా తిరిగాయి.

"చీమలు రాకపోతే ఏం చేస్తావు?"

"పగుళ్ళు పూడుస్తాను. కిటికీలు బిగుసుకుపోతే విడగొడతాను. గచ్చుకింద గొట్టం వేసి గాలి బయటికి లాగిస్తాను. చీమలంటే భయమని, పగులు కనబడితే నిద్రపట్టదని చెబుతాను. పిచ్చోడు సరదాపడుతున్నాడులే అని ఊరుకుంటారు."

"నిజం చెప్పొచ్చుగా!"

"మొదటి మూడిళ్ళలో చెప్పాను. మూడు తలుపులూ మొహానే పడ్డాయి."

మేనకోడలు నమ్మలేదు. అప్పటికప్పుడు బయటికెళ్ళి, పాపని చేతిలోకి తీసుకుని, ఇంటావిడకి అంతా చెప్పింది. ఆవిడ మొహం పాలిపోయింది. తర్వాత ఎర్రబడింది.

"నలభై ఏళ్ళుగా ఉంటున్నాను, నాకేమైంది? వద్దనుకుంటే మానెయ్. నలుగురిలో చెప్పి నా ఇంటికి చెడ్డపేరు తేకు" అని పైకెళ్ళి తలుపేసుకుంది. లోపల గడియ కూడా పడింది.

మేనకోడలు మూడు వీధుల అవతల వేరే ఇల్లు చూసుకుంది. దానికి బూజు, బల్లులు, వంటింట్లో రెండు రకాల చీమలు. ఆ సంగతి అక్కడితో వదిలేయొచ్చు. కానీ పైనున్న ఆవిడ గుర్తొచ్చింది. రేపు ఆ వాటాలోకి దిగబోయే ఇంకెవరి పాపో గుర్తొచ్చింది. వారం తర్వాత ఆమే మావయ్యని వెంటబెట్టుకుని వెళ్ళి తలుపు తట్టింది. మావయ్య భుజాన సిమెంటూ తాపీలూ ఉన్న సంచి, చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు.

"అమ్మా, మీ గచ్చులో పగుళ్ళున్నాయటగా" అన్నాడు కళ్ళు పెద్దవి చేసి. "వాటిల్లోంచి చీమలు నా పేరు పెట్టి పిలుస్తున్నాయి. పూడ్చనిస్తారా? మీరేమీ ఇవ్వక్కర్లేదు."

ఇంటావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. మేనకోడల్ని పక్కకి లాగి గొంతు తగ్గించింది.

"ఈయనకి నిజంగానే పిచ్చా?"

మేనకోడలు నోరు తెరిచింది. ఈయనంత తెలివిగలవాడు, ఇంత దయగలవాడు మా ఇంటావంటా లేడండీ అనబోయింది. ఆవిడ వెనకనించి మావయ్య రెండు చేతులూ జోడించి, తల అడ్డంగా ఊపుతున్నాడు.

"పిచ్చేనండీ" అంది మేనకోడలు. "బాగా ముదిరింది. మా వంశంలోనే ఉంది."

అని చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, సంచిలోంచి రెండో తాపీ తీసుకుంది.