ఏడింటికి మూసే మాచర్ల రోడ్డు, దాని మీద మరియమ్మ మిరపకాయలు

ప్రయాణాల గురించి ఫోనులో నేను చదివే రాతలన్నీ కార్లున్నవాళ్ళు రాసినవే. శనివారం బయల్దేరి ఆదివారం తిరిగి రండి అంటారు. నాకు శనాదివారాలు లేవు. చిలకలూరిపేటలో ఒక స్పిన్నింగు మిల్లులో తెగిన నూలు పోగులు అతికించడం నా పని. వారానికి ఒక్క రోజు సెలవు, అది ఏ రోజో మిల్లువాళ్ళు చెప్తారు. ఎత్తిపోతల జలపాతం మా ఊరి నుంచి ఒక పూట ప్రయాణం. అయినా ఇన్నేళ్ళూ దాన్ని పక్క గది పిల్లల ఫోనుల్లోనే చూశాను. ఈసారి మిషన్లకు మరమ్మతులని ఒక రోజు పూర్తిగా సెలవిచ్చారు. ముందు రోజు పొద్దున షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి అయిపోతుంది. అంటే చేతిలో ఒకటిన్నర రోజు. నాలాగా ఒకటిన్నర రోజే ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మిగతావాళ్ళు చదివినా ఫర్వాలేదు.

స్నానం చేసి, స్కూటీలో పెట్రోలు పోయించుకుని మూడింటికి బయల్దేరాను. పోను రాను కలిపి ఆరు వందల పెట్రోలు పట్టింది. పేట నుంచి నరసరావుపేట దాకా పత్తి లోడు లారీల వెనకే నడపాలి, తొందరపడి లాభం లేదు. నరసరావుపేట దాటి పిడుగురాళ్ళ రోడ్డెక్కితే దారి వెడల్పు, ఎండ ఎదురుగా. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల పొగ చూస్తూ టీ తాగాను. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. పిడుగురాళ్ళ నుంచి మాచర్లకు రెండు దారులు. ఒకటి గురజాల, రెంటచింతల మీదుగా, రెండోది కారంపూడి మీదుగా. కారంపూడి దారి దగ్గరని అందరూ అంటే నేనూ అటే తిరిగాను. కారంపూడిలో ఇడ్లీ బండి దగ్గర తినేసి ఊరు దాటేసరికి చీకటి పడింది. ఊరి బయట కొంత దూరం పోగానే రోడ్డుకి అడ్డంగా ఎరుపు తెలుపు రంగుల కర్ర. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దాయన. పేరు కోటయ్య అని తర్వాత తెలిసింది.

"యాడికే అమ్మాయ్?"

"మాచర్ల."

"రేపు పో. ఏడింటికి మూశాం."

"ఇప్పుడు ఏడూ పదే గదా బాబాయ్."

"అందుకే. ఏడు దాటింది గదా."

కర్ర పక్కన ఫ్లెక్సీ ఉంది. ప్రజల సౌకర్యార్థం రోడ్డు మరమ్మతులు చేపట్టినందున రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు వరకు రాకపోకలు నిలిపివేయడమైనది, సహకరించగలరు. ప్రజలంటే రాత్రి ఇంట్లో పడుకునేవాళ్ళని రాసినవాళ్ళ లెక్క. మూడు వారాలకొకసారి నేను రాత్రి పదింటికి పనిలోకి పోతాను. ఆ వారం నేను ప్రజల్లో లేనట్టే. రోడ్డు బాగుచేయొద్దని నేననను. పగలు వేస్తే బస్సులన్నీ ఆగిపోతాయి, మండే ఎండలో మరిగే తారు దగ్గర నిలబడేది కూడా కూలివాళ్ళే. రాత్రి వేయడమే నయం. కానీ రెండు దారులు విడిపోయే చోట పెట్టాల్సిన బోర్డు తెచ్చి, ఇంకో దారి లేని చోట పెట్టారు.

"ఇక్కడ పెడితే ఏం లాభం బాబాయ్? పిడుగురాళ్ళలో పెడితే గురజాల మీదుగా పోయేదాన్ని."

"నన్నడిగితే ఎట్టా? నేను కర్ర ఎత్తమంటే ఎత్తేవాణ్ణి, దించమంటే దించేవాణ్ణి."

వెనక్కి పోయి గురజాల రోడ్డు పట్టుకోవచ్చు. కానీ నా స్కూటీ లైటు ఎదుటివాళ్ళకి నేనున్నానని తెలియడానికే తప్ప నాకు దారి చూపించడానికి పనికిరాదు. ఏం చేయాలా అని నిలబడితే రోడ్డు పక్క పాకలోంచి ఒకావిడ కేకేసింది. "ఏమే, ఆ గుడ్డి లైటేసుకుని తిరిగిపోతావా? బండి ఇటు పెట్టు. తెల్లారి పోదువు." ఆమే మరియమ్మ. పక్కనే రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేసింది. భర్త మొదటి కోత కాయ లారీకెత్తించుకుని గుంటూరు మిర్చి యార్డుకి పోయాడు. కాయలు ఎవరూ ఎత్తుకుపోకుండా ఆమె ఒక్కతే కాపలా ఉంది. మాచర్లలో నేను దిగాల్సిన స్నేహితురాలి ఇంటికి ఫోను చేసి చెప్పేసి, బండి పాక పక్కన పెట్టాను.

ఆ తర్వాత చూసింది ఏ ప్రయాణాల రాతల్లోనూ నేను చదవలేదు. వాహనాలు ఆగిన కాసేపటికి రోడ్డుకి అటూ ఇటూ పొలాల్లోంచి జనం వచ్చారు. తలల మీద బరకం పట్టాలు, భుజాల మీద గోతాలు. ధర్నా అనుకున్నాను. కాదు. ఎవరి పొలం ఎదురుగా వాళ్ళు రోడ్డు మీద బరకాలు పరిచి, వాటి మీద మిరపకాయలు గుమ్మరించి, కాళ్ళతో పలచగా నెరపడం మొదలుపెట్టారు. కోటయ్య కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నాడు.

"రోడ్డు మూస్తే మాకు కళ్ళం తెరిచినట్టే" అంది మరియమ్మ. నేను కూడా ఒక బరకం కొస పట్టుకున్నాను.

"తారు అంటుకోదా పిన్నీ?"

"పోయిన వారం ఏసింది, గట్టిపడిందిలే. ఇప్పుడు పని అటు మాచర్ల వైపు జరుగుతంది. చెయ్యి పెట్టి చూడు."

పెట్టాను. పగలంతా ఎండ తాగిన కొత్త తారు, దించిన పెనం లాగా వెచ్చగా ఉంది. పచ్చి ఆరని కాయ కుప్పలో ఉంటే ఉడికిపోయి రంగు పోతుందట. ఇక్కడ పలచగా పరిస్తే కింది నుంచి సెగ తగులుతుంది. తెల్లారి ఆరుకి ముందే ఎత్తేస్తారు. నాలుగు రోజులుగా ఇదే పద్ధతి.

"మీకు కళ్ళం లేదా?"

ఆమె చేయి చూపించింది. పాక పక్కన చదునైన జాగా. దాని మీద మనిషెత్తు కంకర కుప్ప, రోడ్డు అంచు దాకా జారి ఉంది. మిగిలిన జాగాలో చక్రాల గుర్తులు. పగలు రోలరు పెట్టేది అక్కడేనట. ఏటా ఆమె కాయ ఆరబెట్టేదీ అక్కడే. ఇంజినీరుని అడిగితే, ఇది రోడ్డు పోరంబోకు, నీ కళ్ళం కాదన్నాడట. ఆయన చెప్పింది నిజమే. అది ఆమె కళ్ళం కాదు. ఆ రోడ్డు ఆయనదీ కాదు. కంకర పోశాక మొదటి కోత కాయ ఆరబెట్టే చోటు లేక కుప్పలోనే ఉడికి, సగం రంగు పోయి ధర రాని తాలయింది. భర్త యార్డుకి పట్టుకుపోయింది దాన్నే. "ఈ రెండో కోత గూడా తాలయితే కౌలు కట్టలేం. కట్టకపోతే పొలం వచ్చే ఏడు ఇంకొకళ్ళకి ఇస్తాడు. ఇప్పటికే ఇద్దరు అడుగుతన్నారు" అంది. ఏడుస్తూ చెప్పలేదు, కాళ్ళతో కాయ నెరుపుతూ చెప్పింది. అన్నం, గోంగూర పచ్చడి పెట్టింది. డబ్బులిస్తానంటే తిట్టింది. నాకు మంచమిచ్చి తను రోడ్డు అంచున చాప వేసుకుంది.

ఇంకా వెలుతురు రాకముందే కోటయ్య కేకలకి లేచాను.

"మరియమ్మా! లెగు లెగు! కారొస్తంది!"

"ఆరింటికి గదయ్యా తెరిచేది?"

"ఆరు మనకి. కారుకి కాదు. మాచర్ల వైపు కర్ర ఎత్తేశారంట, ఇక్కడ గూడా ఎత్తమని ఫోనొచ్చింది. ఎవరో పెద్దాయనంట. ఆగేది లేదంట."

రోడ్డు పొడుగునా ఎవరి బరకాలు వాళ్ళు లాక్కుంటున్నారు. ఇంటికి నలుగురున్నవాళ్ళు చిటికెలో లాగేశారు. మరియమ్మవి మూడు పెద్ద బరకాలు. మనుషులం ఇద్దరం. ఒక బరకం కాయ కూడా పూర్తిగా గోతాల్లోకి పోలేదు, దూరంగా రెండు లైట్లు కనిపించాయి. వాటికన్నా ముందు, రాత్రి పని ముగించుకుని రోలరు వస్తోంది. దాని డ్రైవరు పేరు శంకర్. కృష్ణా నదికి అవతలి మనిషి, నల్లగొండ వైపు. రోజూ రోలరు ఆమె కళ్ళంలో పెట్టి ఆమె చేతి టీ తాగి పడుకుంటాడు. అతను మమ్మల్ని చూశాడు, వెనక లైట్లని చూశాడు. రోలరుని కళ్ళంలోకి తిప్పలేదు. మా బరకాలకి కొంచెం అవతల రోడ్డుకి అడ్డంగా తిప్పి, ఇంజను ఆపేసి, బీడీ తీశాడు.

కారు వచ్చి ఆగింది. హారను. మళ్ళీ హారను. ఒక పక్క రోడ్డు అంచు కోసం తవ్విన గుంట. ఇంకో పక్క నుంచి పోదామంటే, ఆమె కళ్ళం మీద పోసిన కంకర కుప్ప అడ్డం. కారు వెనకే ఇంజినీరు మోటారు సైకిలు మీద వచ్చాడు.

"ఏందిరా ఇది? రోలరు తియ్!"

"గరమైంది సార్. జర సల్లారనియ్యున్రి."

"తమాషాగా ఉందా?"

"తమాషా ఏముంది సార్, ఇంజినుకు తెల్వదు గద కార్ల ఎవరున్నరో."

ఇంతలో కారు వెనక రెండు ఆటోలు. అవతల కారు కోసం ఎత్తిన కర్ర కిందుగా అవి కూడా దూరాయి. వాటి నిండా మిరప కోతకి వచ్చే ఆడ కూలీలు. ఈ రోడ్డు మూసినప్పటి నుంచి ఆరు దాకా అవతల ఆగి, పొద్దెక్కాక పొలంలో దిగి, ఎండలో కోసి, తక్కువ కాయకి తక్కువ కూలి తీసుకుని పోతున్నారు. వాళ్ళ సౌకర్యం ఏ ఫ్లెక్సీలోనూ లేదు. ఆ రోజు వాళ్ళు పోవాల్సింది మరియమ్మ చేనికే. టిఫిను క్యారియర్లు పట్టుకుని దిగి, కారు పక్కనుంచే నడిచి వచ్చారు. అందులో ఒక పొడుగాటావిడ కారు అద్దం మీద వేలితో కొట్టింది.

"ఏందయ్యా, రాత్రిపూట రోడ్డు మూశారంట, తెలవదా? బోర్డు పెట్టారుగా!"

అద్దం దిగలేదు. ఆమె వచ్చి నడుముకి కొంగు బిగించింది. "కోతకని పిలిచి బరకాలు ఎత్తిస్తన్నావేందే మరియమ్మా? దీనికి కూలి వేరే!"

"ముందు ఎత్తండే, తర్వాత తిట్టుకుందురు!"

పన్నెండు మంది. బరకం నాలుగు మూలలూ పట్టి కాయని మధ్యకి తోసి, ఉన్నది ఉన్నట్టు పాక దగ్గరికి ఈడ్చారు. రెండోది, మూడోది. ఇంజినీరు అరుస్తూనే ఉన్నాడు. మూడో బరకం తారు మీదనుంచి దిగేదాకా శంకర్ బీడీ అయిపోలేదు. అప్పుడు తాళం తిప్పాడు. ఇంజను ఒక్కసారికే అందుకుంది. ఇంజినీరు అతని వైపూ, రోడ్డు మీద మిగిలిన నాలుగు కాయల వైపూ చూశాడు. కారు ఆ కాయల మీదుగా పోయింది. నలిగిన కాయ ఘాటుకి కోటయ్యతో సహా అందరం తుమ్మాం. కారు అద్దాలు మూసే ఉన్నాయి కాబట్టి లోపలివాళ్ళకి ఆ ఇబ్బంది లేదు.

కోటయ్య ఎత్తిన కర్ర మళ్ళీ దించి, సరిగ్గా ఆరింటికి మా కోసం ఎత్తాడు. మాచర్ల దాకా రోడ్డు అద్దంలా ఉంది, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మాచర్లలో పూరీ తిని, సాగర్ రోడ్డులో ఎత్తిపోతల చేరాను. ఎండాకాలం ముందు గనక నీళ్ళు సన్నగా ఉన్నాయి. అయినా చల్లటి తుంపర ముఖానికి తగులుతుంటే ఒక గంట కదల్లేదు. మిల్లు మోత లేని మోత అది. వానలు పడ్డాక పోతే నీళ్ళు బాగుంటాయి. తినడానికి మాచర్ల నుంచే తీసుకుపోండి.

తిరుగు ప్రయాణంలో కర్ర దగ్గరికి సాయంత్రం నాలుగున్నరకి వచ్చాను. కొత్త ఫ్లెక్సీ కట్టారు. రోడ్డుపై మిర్చి ఆరబోయుట నిషేధం. కంకర కుప్ప అక్కడే ఉంది. రోలరు మీద ఇంకెవరో ఉన్నారు.

"శంకర్ ఏడి బాబాయ్?"

"పొద్దున్నే తీసేశారు. సాయంత్రం బస్సుకి పోతన్నాడు."

మరియమ్మ పాకలోంచి ఒక సంచీ తెచ్చి నా హ్యాండిలుకి తగిలించింది. ఎండిన కాయ, ఏరి ఏరి పోసింది, ఒక్క తాలు లేదు. "కారంపూడి బస్టాండులో ఉంటాడు. వాడికియ్యి. వాడు చేసినదానికి ఇచ్చుకుంటానికి నా దగ్గర ఇంకేం లేదని చెప్పు."

ఇచ్చాను. బెంచీ మీద పరుపు చుట్ట పక్కన కూర్చుని ఉన్నాడు. సంచీ విప్పి వాసన చూశాడు. "మంచిగ ఎండినయి" అన్నాడు.  ఈ రాత్రి ఆమె ఎక్కడ ఆరబోస్తుందని అడిగాడు. కొత్త ఫ్లెక్సీ పక్కనే, రోడ్డు మీదే అన్నాను. నవ్వాడు.

మంచి రోడ్డు కావాలి. ఆ తారు మీద నేను కూడా హాయిగానే పోయాను. రాత్రి మూయడం తప్పు కాదు. మూసినప్పుడు అందరికీ మూయాలి, తెరిచినప్పుడు అందరికీ తెరవాలి. అది కూడా చేతగానివాళ్ళు సహకరించగలరని రాయకూడదు. మీరు ఆ వైపు పోతుంటే ఒక్క సూచన: పిడుగురాళ్ళ టీ కొట్లో ఏ దారి మూశారో అడిగి బయల్దేరండి. కారంపూడి దారే పడితే, తెల్లవారి కర్ర ఎత్తగానే బండి ఉరికించకండి. పావుగంట ఆగి పోండి. ఆ పావుగంటలో ఇంకా ఎవరిదో ఏడాది కష్టం రోడ్డు మీద ఉంటుంది.