ముందే పడిన జీతం

ఇంగ్లండులోని సండర్లాండ్‌లో ఓ బడి వంటగదిలో డోరీన్ గిన్నెలు తోముతుంది. పిల్లలు వదిలేసింది చెత్తబుట్టలోకి గీకుతుంది, ఎర్రబడ్డ చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటుంది, గోడమీది క్యాలెండర్ చూసుకుంటుంది. పని దొరికిన పూటలకే జీతం. చాలనిది సర్కారు భృతి పూడుస్తుంది. జీతం ఒకటో తేదీన పడాలి. ఆ రోజు ఆదివారమైతే రెండ్రోజులు ముందే వేసేస్తారు. అప్పుడు ఒకే నెలలో రెండు జీతాలు తీసుకుందని సర్కారువాళ్లు ఆ నెల భృతి ఆపేస్తారు.

"డోరీన్, ఈసారి శుక్రవారమే జీతం. సంతోషమేగా?" అంది మేనేజరు జిలియన్.

"వద్దు తల్లీ, సోమవారం వెయ్యి. నీ కాళ్లు పట్టుకుంటా."

"జీతం ముందిస్తే ఏడ్చే మనిషిని నిన్నే చూశా. జీతాల లెక్క పొద్దున్నే బ్యాంకుకి పంపేశాను."

డోరీన్ గిన్నెలు తోమే తొట్టి దగ్గరికి తిరిగొచ్చింది. పై కంచంలో ఎవరో సగం కొరికిన రొట్టె ఉంది. చెత్తబుట్ట మీదికి వెళ్లిన చెయ్యి ఆగింది. రొట్టె తీసి ఏప్రన్ జేబులో పెట్టుకుంది.