నాన్న ముక్కు

ఈ ఉదయం రొయ్యల చెరువు అడుగు నుంచి చారెడు మట్టి తీసి వాసన చూడగానే, అందరూ మల్లెల వాసనకి వెళ్లినట్టు నేను పదేళ్లు వెనక్కి వెళ్లిపోయాను.

డిగ్రీ చేతికొచ్చినా ఉద్యోగం రాని మన తరం అమ్మాయిల్లో ఒకదాన్నై, మొగల్తూరు పక్కన నాన్న చెరువుల మీదే పనికి కుదిరాను. మట్టి కుళ్లిన గుడ్డు వాసనేస్తే చెరువు చెడుతోందని లెక్క. ల్యాబు కన్నా ముందు నాన్న ముక్కు చెప్పేది. అలాంటిది ఆ ఏడు ఆయన బాగుందన్న చెరువులో రొయ్యలన్నీ వారంలో పోయాయి. నాన్నకి జలుబనుకుని ఆవిరి పట్టించాం. రెండో చెరువూ అలాగే పోయింది. ఇంట్లో ఇగురు మాడి పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చినా నాన్న పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుతుంటే, ఇల్లు పట్టని మనిషని అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు.

రెండేళ్లకి నాన్న కుడిచేయి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు రాజమండ్రిలో డాక్టరు. మెదడు లోపల నల్లగా ఉండే చిన్న చోట, కదలికలకి కావలసిన డోపమిన్ అనే రసాయనం తయారుచేసే కణాలుంటాయట. వాటిలో ఒక ప్రొటీను మడత తప్పి ఉండలు కడుతుందట, కణాలు మెల్లగా చనిపోతాయట. ఎందుకో ఇంకా పూర్తిగా తేలలేదట. వణుకు కనబడేసరికి చాలా కణాలు పోయే ఉంటాయట; వాసన అంతకన్నా ముందే పోవచ్చట.

"రొయ్య కూడా చస్తే అడుక్కే పోద్దండి. మన కంటబడేసరికి చాలా పోయుంటాయి," అన్నారు నాన్న, పాఠం తనే చెబుతున్నట్టు.

అమ్మ ఆ మూడు రోజుల మౌనం తలుచుకుని ఆసుపత్రి మెట్ల మీదే ఏడ్చేసింది.

"ఊరుకోవే, హాయిగా ఉన్నదే ఆ మూడ్రోజులు," అన్నారాయన.

పోయిన కణాలు రావు, మాత్రలతో, నడకతో చాలా ఏళ్లు బాగానే గడపొచ్చన్నారు డాక్టరు. నాన్న మాత్రం ఇంటికి రాగానే చెరువులు లీజుకిచ్చేద్దామన్నారు.

"ముక్కు పనిచెయ్యని రైతుని ఎవడు నమ్ముతాడమ్మా?"

"మీ ముక్కే కదా నాన్నా నాకొచ్చింది, ఫొటోలన్నీ పాడుచేస్తూ. దాన్నైనా వాడుకోండి."

ఆ రోజు నుంచి నాన్న నా కళ్లకి తువ్వాలు కట్టి, ఐదు చోట్ల మట్టి తెచ్చి వాసన చూపించేవారు. నాకు ఐదూ ఒకటే కంపు. నెల తర్వాత ఒకటి వేరుగా తోచింది. మేత ఆపించి, నీళ్లు మార్పించాను. ఆ చెరువు దక్కింది. లీజు మాట మళ్లీ ఎత్తలేదాయన.

ఇప్పుడందరికీ నీళ్లు పరీక్షించే మీటర్లున్నాయి, మట్టి చేతిలోకి తీసుకునేవాళ్లే తగ్గారు. నాన్న వేళకి మాత్ర వేసుకుని, గట్టు మీద చిన్న చిన్న అడుగులేస్తూ "మట్టి ఏమంటుందే?" అని అడుగుతారు. ఒకప్పుడు ఆ ప్రశ్న నాది. ఆయన దగ్గర పోయిందంతా నా దగ్గర పెరుగుతోందనిపిస్తుంది. డాక్టరు ఒప్పుకోరు. రొయ్యలు మాత్రం బతికే ఉన్నాయి.