మూకీ సినిమాలో మేనమామ

ఆ రోజుల్లో 'నాకు తెలియదు' అనే మాట నా నోట వచ్చేది కాదు. కరోనా సద్దుమణిగాక నర్సుగా దుబాయ్ వచ్చిన కొత్త. చాలాకాలంగా ఇక్కడ ఇళ్లలో పనిచేస్తున్న మా పిన్నికి నేను చదువుకున్న పిల్లని. ఆ హోదా నిలబెట్టుకోవడానికి ఆవిడ ఏది అడిగినా టక్కున చెప్పేసేదాన్ని.

ఒక ఆదివారం పిన్ని బర్ దుబాయ్‌లోని మా గదికి మొహం ముడుచుకుని వచ్చింది. ఊళ్లో ఉన్న బాబాయి ఏదో అన్నాడని, నెల నుంచీ ఆయన ఫోన్ చేస్తే పిన్ని ఎత్తడం లేదు. (బాబాయి ఆవిడకి స్వయానా మేనమామ. అలకకి అదో అదనపు హక్కు.) ఇలాగే వదిలేస్తే కాపురం ఏమవుతుందోనని నాకు భయం. కాస్త మనసు మళ్లిద్దామని, అల్ ఖూజ్‌లో ఒక గోడౌన్‌లో పాత సినిమా వేస్తున్నారంటే తీసుకెళ్లాను. నాటకాన్నే సినిమాగా తీశారని చెప్పాను. గోదావరి జిల్లా మనిషి, పద్యాలుంటాయనుకుని పట్టుచీర కట్టింది. తీరా చూస్తే అది మూకీ. మనుషుల పెదాలు కదులుతాయి, మాట వినపడదు. మధ్యమధ్య తెర మీద పడే అక్షరాలు ఇంగ్లీషువి కూడా కావు.

"ఆయన ఆ పిల్లకేమవుతాడే?" అంది పిన్ని, తెర మీద ఒక పిల్ల పక్కన నిలబడ్డ కుర్రాణ్ని చూపిస్తూ. వరస తెలియనిదే మనవాళ్లకి కథ ముందుకు కదలదు కదా. అన్నయ్య అన్నాను ధైర్యంగా. కాసేపటికి అతను ఆ పిల్ల వేలికి ఉంగరం తొడిగాడు. పిన్ని చెంపలేసుకుంది. అన్న కాదు, మేనమామ అని సర్దేశాను.

"అలాగ సెప్పు. వరసైనోడే కదా," అని స్థిమితపడింది.

తర్వాత ఒక ముసలాయన వచ్చి ఏడిస్తే మామగారన్నాను. ఆయనే ఆ పిల్ల కాళ్ల మీద పడేసరికి పాలేరన్నాను. నాకే ఏమీ అర్థం కాలేదు. చివరికి మేనమామ విసురుగా వెళ్లిపోయాడు, ఆ పిల్ల కిటికీ దగ్గర నిలబడిపోయింది, సినిమా అయిపోయింది. లైట్లు వేసేసరికి పిన్ని కళ్లు తుడుచుకుంటోంది.

"ఎంత బెట్టే ఆ పిల్లకి. ఒక్కసారి పిలిస్తే ఆగేవోడు."

బయటికి రాగానే, పికప్ బళ్ల మధ్య నిలబడి ఫోన్ తీసింది. "మావా, అన్నం తిన్నావా?" అని అడిగింది.

ఈమధ్య అదే సినిమా ఇంగ్లీషు అక్షరాలతో దొరికితే చూశాను. అతను నిజంగానే ఆ పిల్ల అన్నయ్య. ఉంగరం వాళ్లమ్మది. అన్నీ తెలుసనుకున్న ఆ పిల్లని, అదే నన్ను, తలుచుకుంటే నవ్వొచ్చింది, కాస్త ముద్దు కూడా వచ్చింది. అసలు కథ చెబుదామని పిన్నికి ఫోన్ చేశాను. ఎంగేజ్ వచ్చింది. బాబాయితో మాట్లాడుతోంది కాబోలు. నేను మళ్లీ చెయ్యలేదు.